ఒక్క ఊపిరి గీత

మా ఇంటావిడకు,

ఇక్కడ నేను కులాసా. అక్కడ అమ్మాయీ, పసిదీ, వాళ్ళిద్దరి మధ్య నిద్రకు మొహంవాచిన నువ్వూ కులాసా అని తలుస్తాను.

రెండు పూటలా తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. గిన్నెలే ఒక్కోసారి మర్నాటిదాకా నానుతున్నాయి. శని, ఆదివారాల్లో ఫోను ఎందుకెత్తలేదన్నావు. ముఖాలకు రంగులు వేసేవాళ్ళ మహాసభకు వెళ్ళాను. నేను సరదాకి పిల్లల బుగ్గల మీద సీతాకోకచిలుకలు వేస్తుంటాను కదా, అలాంటివాళ్ళు రెండు వందల మంది ఒకే హాల్లో!

ఎటు చూసినా అద్దాలు, స్పాంజీలు, రంగునీళ్ళ గ్లాసులు. నా ఈడువాడు ఒక్కడూ లేడు. గుమ్మంలోంచే వెనక్కి తిరగబోతుంటే, ఒకావిడ పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. స్కూలు బస్సు నడుపుతుందట. పులి ముఖం వేయడంలో దిట్ట కాబట్టి అందరూ పులక్క అంటారు.

పోటీలో ఇద్దరిద్దరు జట్టుగా ఒకరి ముఖం మీద ఒకరు వేయాలి. మీసం మీద చారలు కుదరవని పులక్క తేల్చేసింది. కోప్పడకు, ముప్పై ఏళ్ళ మీసం తీసేశాను. అద్దంలో చూసుకుంటే అచ్చం మా చిన్నాన్న.

నా వంతు వచ్చింది. ఆమె నుదుటి మీద కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి, కణత పక్కగా, చెంప మీదుగా గడ్డం దాకా ఒకే గీతగా తీగ లాగాను. మిగతావాళ్ళు ఆ గీతను నాలుగు ముక్కలుగా వేసి అతుకుతారు. నిచ్చెన మీద ఊగుతూ అక్షరాలు రాసిన చెయ్యి కదా, వణకలేదు. తలెత్తేసరికి చుట్టూ జనం. తీర్పు చెప్పే పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది.

"ఈ గీత ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"బోర్డులు రాసేవాణ్ణమ్మా."

"ఇప్పుడు రాయట్లేదా?"

నీకు ఇన్నాళ్ళూ చెప్పని జవాబు ఆవిడకు చెప్పాను. "ఎనిమిది నెలలుగా ఒక్క బోర్డూ రాలేదమ్మా. అంతా ఫ్లెక్సీలే. ఇప్పుడు ముఖాలే నా పని."

నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్ళిన ఈ ఎనిమిది నెలల్లో, ఏ కొట్టు బోర్డు రాస్తున్నారని అడిగినప్పుడల్లా లేని కొట్టు పేరేదో రాసి పంపాను. మా ఆయన చేతిరాత లేని వీధి లేదని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. ఆ మాట నీకు లేకుండా చేయడానికి మనసొప్పలేదు. నీకంటే ముందు రెండు వందల మందికి చెప్పినందుకు ఏమన్నా పడతాను.

మొదటి బహుమతి మా జట్టుకే వచ్చింది. అంతకంటే పెద్ద ముచ్చట, మర్నాడు ఆ గీత నేర్పమని నన్ను వేదిక ఎక్కించారు. అరవై మంది కుంచెలు పట్టుకుని నేను చెప్పినట్టు ఊపిరి బిగబట్టారు. పులక్క అయితే కళ్ళు కూడా మూసుకుంది. నా మాటకు అంతమంది కిమ్మనకుండా నిలబడటం, మనింట్లో కూడా ఎప్పుడూ చూడలేదు సుమా.

ఇవాళ పొద్దున మన కొట్టు షట్టరు మీద 'బోర్డులు రాయబడును' అన్నది చెరిపేసి, 'ముఖాలకు రంగులు వేయబడును' అని రాశాను. అక్షరాలు చక్కగా కుదిరాయి. ఎదుటి టైలరు వచ్చి, చాలాసేపు చూసి, తనకూ ఒక బోర్డు రాసిపెట్టమన్నాడు.

"శనివారం దాకా కుదరదు. ముఖాలున్నాయి," అన్నాను.

ఇట్లు,
రెండు చేతులా రంగుతో,
నీ పెనిమిటి