ఆరు ఆదివారాల పిచర్

క్లీవ్‌లాండ్, 3 మార్చి 1962

గౌరవనీయులైన హుల్డా స్టౌఫర్ గారికి నమస్కారాలు.

పాత బేస్‌బాల్ ఆటగాళ్ళ వివరాలతో పుస్తకం వేస్తున్నాను. 1931లో డెల్టన్ జట్టుకి జీతం మీద ఆరు ఆదివారాలు బంతి విసిరిన పిచర్ ఒకాయన ‘బ్రౌన్’ అని దొంగపేరు ఇచ్చాడు. వారం వారం మీకు ఉత్తరం వేసేవాడని ఆయన అద్దెకున్న ఇంటావిడ చెప్పింది. మీ అబ్బాయేనా?

విధేయుడు,
లోవెల్ ప్రింగిల్

తా.క.: ఆరు ఆటలూ ఓడిపోయాడు.

ఓక్‌డేల్, 9 మార్చి

ప్రింగిల్ గారికి,

మా ఎమొరీ ఇవాళ చర్చిలో పెద్ద. ఆ వేసవి డెల్టన్‌లో క్షౌరం పని నేర్చుకున్నాడు. ఆదివారం బంతి ముట్టుకుంటే చేతులు విరిచేస్తానని వాడికి చిన్నప్పుడే చెప్పాను. దేవుడి రోజున ఆడే వెధవల్ని ఇంకెక్కడైనా వెతుక్కోండి.

ఇట్లు,
హుల్డా స్టౌఫర్

తా.క.: ఆరూ ఎలా ఓడతాడండీ?

క్లీవ్‌లాండ్, 14 మార్చి

అమ్మా,

ఆ బ్రౌన్‌ది ఎడమచేతి వాటం. భోజనానికి ముందు ప్రార్థన ఎంత సాగదీసేవాడంటే, కూరలు చల్లారిపోయేవట. ఇంకా మీవాడు కాదంటారా? నెలాఖరుకి అచ్చుకివ్వాలి.

ప్రింగిల్

ఓక్‌డేల్, 19 మార్చి

అయ్యా,

అంత ప్రార్థన చేసేవాడు ఆదివారం ఆడతాడా? మీకసలు బుర్ర ఉందా?

హుల్డా స్టౌఫర్

తా.క.: మళ్ళీ ఉత్తరం రాస్తే పాస్టరుగారికి చెప్తాను.

క్లీవ్‌లాండ్, 23 మార్చి

అమ్మా, మీకో దణ్ణం.

ఇలా అచ్చేస్తున్నాను: “బ్రౌన్. అసలు పేరు తెలియదు. చివరి ఆటలో పదకొండు పరుగులు సమర్పించుకుంటే, పనికిరాడని సాగనంపారు.”

ఇక సెలవు,
ప్రింగిల్

ఓక్‌డేల్, 26 మార్చి

బాబూ, అచ్చు ఆపు!

పదకొండు కాదు, తొమ్మిది! మిగతా రెండూ ఆ రెండో బేస్ దగ్గర నిలబడ్డ మొద్దు చేతిలోకొచ్చిన బంతి వదిలేస్తే వచ్చినవి. అవి మావాడి నెత్తిన రుద్దుతావా? ఆరు ఆటల లెక్కా నా కీర్తనల పుస్తకం వెనకపేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాను.

డెల్టన్ నుంచి రాసిన మొదటి ఉత్తరంలోనే భుజం నొప్పన్నాడు. క్షౌరం చేస్తే భుజం నొప్పేమిటి? ఆరు ఆదివారాలూ చర్చికి తలనొప్పని చెప్పి, బస్సెక్కి వెళ్ళి, టోపీ ముసుగు మొహం మీదికి దించుకుని మూడో వరసలో కూర్చున్నాను. ఆఖరాట అయ్యాక వాడు మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. నేను అక్కడ లేనట్టే లెక్క కదా, దగ్గరికి తీసుకోలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ బాధ నన్ను తినేస్తోంది.

ఎమొరీ స్టౌఫర్ అని రాయి. బాగా విసిరాడని కూడా రాయి.

దీవెనలతో,
హుల్డా

తా.క.: వాడికిచ్చే ప్రతిలో, మూడో వరసలో వాళ్ళమ్మ ఉందని వెయ్యి. చర్చికి పంపే ప్రతిలో మాత్రం ఆ ఆటలన్నీ శనివారం జరిగాయని వెయ్యి.