కత్తెర దాచిన అక్కకి

అక్కా,

కవరుకు నాలుగు వైపులా టేపు అంటించానని నన్ను తిట్టుకుంటూనే తెరిచి ఉంటావు. ఎందుకంటించానో చివర్లో చెబుతాను.

నిన్న బావ ఫోన్ చేశాడు. "నరం తెగిన వేలు చీమలు పాకినట్టు జివ్వుమంటోందని నోరు జారాను. అంతే, మీ అక్క చెయ్యంతా మళ్లీ కట్టు కట్టేసింది, కత్తెర దాచేసింది. గట్టిగా అడిగితే నన్ను కూడా దాచేసేలా ఉంది," అన్నాడు.

అవి చీమలు కావు తల్లీ, కొత్తగా పెరుగుతున్న నరం కొసలు! మా ల్యాబ్‌లో నేను రోజూ చూసేది ఇదే. చేతిలో నరం తెగితే, దాన్ని అంటిపెట్టుకుని ఉండే సహాయక కణాలు ముందు చెత్తంతా ఊడుస్తాయి, తర్వాత వరుసగా నిలబడి దారి చూపిస్తాయి. మెదడులోని సహాయక కణాలు అలా కాదు. దెబ్బ పక్కకు పాకకుండా చుట్టూ గోడ కట్టేస్తాయి. పాపం, కాపాడదామనే. కానీ అక్కడ నరం మళ్లీ పెరగలేకపోవడానికి ఆ గోడ కూడా ఒక కారణం.

నువ్వు అచ్చం మెదడు కణానివి. 'నాకు మెదడుందని చెల్లి ఒప్పుకుంది' అని మురిసిపోకు.

డాక్టరేమో బావ చేతికి పని చెప్పమన్నాడట. బావ నవ్వుతూనే మాట్లాడాడు గానీ, ఇక దర్జీ పని తనవల్ల కాదేమోనన్న దిగులు గొంతులో తెలిసిపోయింది. ఇందులో గుడ్డ పెట్టాను. నాకో దిండు గలీబు కుట్టమను. వంకరగా వచ్చినా పరవాలేదు, తల పెట్టుకునేది నేనేగా.

ఇక టేపు సంగతి. కత్తెర లేకుండా ఈ కవరు తెరవడం నీ తరం కాదు. అంటే అది బయటికొచ్చిందన్నమాట. మళ్లీ దాచకుండా బావ చేతిలో పెట్టు.

నీ చెల్లెలు