‘జారుగా’ అన్న మాట

నాన్నకు,

నీ రెండో కూతురు నమస్కారం చేసి రాస్తున్నది. నేను బాగున్నాను. నువ్వు, అమ్మ, అక్కావాళ్లు అందరూ బాగున్నారని తలుస్తాను. నీ నడుంనొప్పి ఒక్కటీ బాగుండకపోతే నాకు సంతోషం.

ఫోను ఉండగా మళ్లీ ఉత్తరమేమిటని అమ్మ అంటుంది. ఫోనులో నీకు వచ్చిన మాటలు మూడే. తిన్నావా, సరే, పెట్టేస్తున్నా. కాగితం మీద అయితే నువ్వు బాగా మాట్లాడతావు. నేనూ అంతే.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. చెప్పులు కరవడం మానేశాయి. రోజూ ఆరంతస్తులూ ఎక్కి దిగుతుంటే వాటికే విసుగొచ్చింది. గది బాగుంది. నాతోపాటు శిక్షణకు వచ్చిన అమ్మాయే గదిలోనూ తోడు. నేనేం తింటున్నా పక్కన కూర్చుని అందులో ఉప్పెంతో, నూనెంతో చెబుతుంది. దానితో కలిసి అన్నం తినడమంటే పరీక్ష రాయడమే.

సిమెంటు కొట్టాయన “మీ అమ్మాయి ఆసుపత్రిలో వంట నేర్చుకుంటోందట” అంటే, నువ్వు “కాదు, డాక్టరీ” అన్నావని అమ్మ చెప్పింది. రెండూ కాదు నాన్నా. ఏ జబ్బుకి ఏం తినాలో, ఎంత తినాలో, ఎలా తినాలో చెప్పే పని నాది. తినిపించే పని ఇంట్లోవాళ్లది. మధ్యలో తినను పొమ్మనే పని రోగిది.

ఇక నాలుగోది. శిక్షణ పుస్తకంలో సంతకం అయిందా, నెలాఖరుకు వచ్చేస్తున్నావా అని అడిగావు. ఆ సంతకం లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరని నీకు తెలుసు. దానికి జవాబు ఉత్తరం చివర ఉంది. నువ్వు ముందు చివరికే వెళ్తావని నాకు తెలుసు. ఇది నువ్వు కట్టే గోడ కాదు, కింది నుంచి మొదలుపెట్టడానికి. పైనుంచే రా.

మొదటి మూడు వారాలూ వంటశాలలో గడిచాయి. అక్కడ పెద్ద వంటాయన చెయ్యి చూస్తే నీ చెయ్యి గుర్తొచ్చేది. కొలవకుండా ఉప్పు వేస్తాడు, నేను తూచి చూస్తే సరిగ్గా ఉంటుంది. నేను రోజూ త్రాసు పట్టుకుని వెనకాలే తిరుగుతుంటే, “అమ్మాయ్, నీ చదువు గ్రాముల్లో ఉంది, నా చదువు డేగిశాల్లో ఉంది. రెండూ ఒక్క పొయ్యి మీద పట్టవు, పక్కకి జరుగు” అనేవాడు. వెళ్లిపోయే రోజున మాత్రం తన గరిటె నా చేతికిచ్చి కలపమన్నాడు. అది ఆయన సంతకం అనుకోవచ్చు.

తర్వాత చక్కెర జబ్బు వార్డు. అక్కడ మేము ప్రతి ఒక్కరినీ నిన్న పొద్దున్నించి ఏమేం తిన్నారో అడిగి రాసుకోవాలి. లాయరుగారు ఒకాయన ఉన్నాడు.

“ఏమీ తినలేదమ్మా. కొంచెం అన్నం.”

“కొంచెమంటే ఎంతండీ?”

“కొంచెమంటే కొంచెమే. ఆకలి తీరేంత.”

“తీపి?”

“ముట్టనే ముట్టను.”

ఆయన వెనక నిలబడ్డ భార్య చేతివేళ్లు ఒక్కొక్కటే విప్పుతోంది. ఒకటి, రెండు, మూడు. నేను ఆయన మొహం చూస్తూ ఆమె వేళ్లు రాసుకున్నాను. “మీ వాదన విన్నాను, సాక్షి మాట కూడా రాసుకున్నాను” అంటే ఆయన వెనక్కి తిరిగి చూసి, “ఇంట్లోనే ఉంది ప్రతివాది” అన్నాడు. బరువు తూచే చోట ఇంకా వినోదం. ఒకావిడ చెప్పులు విప్పింది, గాజులు తీసింది, చేతిసంచి మొగుడికిచ్చింది, ఆఖరికి ఊపిరి కూడా బిగబట్టింది. అయినా ముల్లు కనికరించలేదు.

ఇప్పుడు ఉన్నది పక్షవాతం వార్డు. ఇక్కడ మాకు పై అధికారి ఒక మేడం. కోటు జేబులో ఎప్పుడూ ఒక చెంచా ఉంటుంది కాబట్టి మేమంతా చెంచా మేడం అంటాం. ఆమెకు తెలుసు. మాట తక్కువ మనిషి. నీకూ ఆమెకూ ఫోను కలిపితే ఇద్దరూ “సరే” అని పెట్టేస్తారు.

ఆ వార్డులో నాకు అప్పగించిన రోగి ఒక బస్సు డ్రైవరు తాతగారు. ఉద్యోగం మానేసి నాలుగేళ్లయిందట. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట సగమే వస్తుంది. “మాట సగమైనా వెటకారం మాత్రం పూర్తిగా వస్తోందమ్మా ఈయనకి” అంటుంది భార్య. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. పగలంతా మంచం పక్కన స్టూలు మీదే ఉంటుంది.

పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి గొంతు కూడా మొద్దుబారుతుంది. నీళ్లలాంటి పదార్థం వేగంగా జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రమాదం. అందుకని నీళ్లయినా, పాలయినా ఒక పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో పట్టాలి. తాతగారికి ముక్కులో గొట్టం తీసేసి నోటితో ఇవ్వడం మొదలుపెట్టిన రోజున, ఎలా కలపాలో పెద్దమ్మకు చీటీ రాసివ్వమని మేడం నాతో చెప్పింది. “చెంచా వంచితే మెల్లగా జారాలి, అంత చిక్కన” అంది. నేను రాసిచ్చాను. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు మంగళవారం. తాతగారికి పాలు పడుతుంటే పొలమారింది. బుధవారానికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో చేరిందని తేలింది. గొట్టం మళ్లీ వేశారు. మంచం పక్కన ఉన్న గ్లాసును వార్డు సిస్టరు ఎత్తి చూసింది. పాలు నీళ్లలా ఉన్నాయి.

“చెప్పింది ఒకటి, చేసేది ఒకటీనా? చిక్కగా పట్టమంటే నీళ్లు పోస్తావా? అంత తొందరేంటమ్మా నీకు? మనిషిని ఏం చేద్దామనుకున్నావు?”

వార్డులో పన్నెండు మంచాలు. అందరూ విన్నారు. పెద్దమ్మ, “తెలీక చేశానమ్మా” అని ఒక్క మాట అంది. తల దించుకుని స్టూలు మీద కూర్చుంది.

నాన్నా, ఆ చీటీలో నేను రాసింది ఇది: “ఏది పట్టినా పొడి వేసి జారుగా కలిపి ఇవ్వండి.”

నువ్వు ఇక్కడ చదవడం ఆపి ఉంటావు. జారుగా కలిపిన సిమెంటు మాలు గోడకి నిలవదని పనివాళ్లను నువ్వు తిడుతుంటే వింటూ పెరిగినదాన్ని. జారుగా అంటే పలచగా అని మన ఇంట్లో పిల్లి కూడా చెబుతుంది. మేడం ‘మెల్లగా జారాలి’ అన్నది చెవిలో పెట్టుకుని, చీటీలో చోటు చాలక ‘మెల్లగా’ వదిలేసి ‘జారాలి’ని ‘జారుగా’ అని పొట్టి చేశాను. పుస్తకంలో మాట తలలో ఉంటే ఇంట్లో మాట కనబడదు. పొడి వేస్తే చిక్కబడుతోందని, చీటీలో ఉన్నట్టు జారుగా రావడం లేదని, పెద్దమ్మ దానికి నీళ్లు పోసి సరిచేసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇంతవరకు రాసింది పొరపాటు. అది చెప్పుకోడానికి నాకు అంత కష్టంగా లేదు. అసలు సంగతి ఇంకోటి.

సిస్టరు ఆమె మీద అరుస్తున్నప్పుడు నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. గ్లాసు చూసిన క్షణంలోనే నా చీటీ గుర్తొచ్చింది. నోరు తెరవలేదు. సంతకానికి ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయని మనసులో అనుకున్నాను. ఆయన ఆయాసపడుతుంటే నేను అనుకున్నది అది. ఆ రోజంతా వేరే మంచాల దగ్గర పని కల్పించుకున్నాను.

గురువారం మధ్యాహ్నం పెద్దమ్మే నన్ను పిలిచింది. సంచిలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది నీ దగ్గర పెట్టుకోమ్మా. ఎవరికీ చూపించలేదు.”

“ఎందుకు చూపించలేదు పెద్దమ్మా? నిన్న అన్ని మాటలు పడ్డావు కదా.”

“నాకు మాటలేం కొత్త? ఈయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. నీకు చదువుకి అడ్డం వస్తుంది. చింపెయ్.”

చింపలేదు. అలాగని ఎవరికీ చూపించనూ లేదు. శుక్రవారం పొద్దున దాకా జేబులోనే ఉంది. జేబులో కాగితానికి అంత బరువుంటుందని ఏ త్రాసూ నాకు చెప్పలేదు. ఇక మోయలేక మేడం గదికి వెళ్లి బల్ల మీద పెట్టాను. ఆమె చదివింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“బుధవారం, మేడం.”

“ఇవాళ?”

“శుక్రవారం.”

“రోజులు లెక్కపెట్టడం వచ్చన్నమాట. ఇప్పుడేం చేస్తావు?”

“సిస్టరు దగ్గరికెళ్లి చెప్తాను.”

“చాటుగానా? పెద్దావిడకి అందరి ముందు మాట పడింది. అందరి ముందే తీసెయ్.”

మేడం కూడా వెంట వచ్చింది కాని ఒక్క మాట సాయం చెయ్యలేదు. వార్డు నడిమధ్య నిలబడి చెప్పాను. చీటీ తప్పు రాసింది నేను, పెద్దమ్మ నేను రాసినట్టే చేసింది, తెలిసి కూడా రెండు రోజులు నోరు మూసుకున్నాను అని. సిస్టరు నన్నొక చూపు చూసి, పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది.

“ఆ కాగితం నా మొహాన కొట్టకపోయావా అమ్మా? నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. ఏమీ అనుకోకు.”

“పిల్ల కదా, చదువుకుంటోంది” అంది పెద్దమ్మ.

అప్పుడు మంచం మీంచి తాతగారు ఎడమ చెయ్యి ఎత్తాడు. ముక్కులో గొట్టంతో, ఒక్కొక్క మాటా తోసుకుంటూ, “లై...సెన్సు... తియ్య...కండి. ఒక... గుద్దుడే... కదా” అన్నాడు. పన్నెండు మంచాలూ నవ్వాయి. సిస్టరు కూడా నవ్వింది. నేను మాత్రం ఏడ్చేశాను. అంతకుమించి ఏమీ లేదు.

తొమ్మిదో రోజున గొట్టం తీశారు. నువ్వు బెంగపడకుండా చెబుతున్నాను, ఆయన ఇప్పుడు బాగున్నాడు. చెంచాడు పాలు మింగి, “ఇది పాలా, గ్రీజా?” అని అడిగేంత బాగున్నాడు. చీటీల్లో మాటలు రాయడం మానేశాం. కలిపింది చెంచాతో తీసి వంచి చూపిస్తాం. ధార కడితే పనికిరాదు, ముద్దగా మెల్లగా పడితే సరే. తాపీ వంచి నువ్వు మాలు చూసినట్టే. పొడి డబ్బా మీద అంటించడానికి వంచిన చెంచా బొమ్మ నన్నే గియ్యమన్నారు. గీస్తే తాపీలా వచ్చింది. మేడం చూసి, “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని అడిగింది. చెప్పాను. “ఊఁ” అంది. కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు నాకంటే ముందు పెద్దమ్మే చూపిస్తోంది. “వంచి చూడు. ధార కట్టిందా? పారబొయ్, మళ్లీ కలుపు” అని నిన్న పక్క మంచం అతనికి ఆమె గట్టిగా చెబుతుంటే విన్నాను. మాట పడ్డ మనిషిలా లేదు, మేస్త్రీలా ఉంది.

ఇక నీ నాలుగో ప్రశ్న. సంతకం కాలేదు నాన్నా. ఈ వార్డులో మళ్లీ ఆరు వారాలు చెయ్యాలంది మేడం. నెలాఖరుకు రావడం లేదు. పరీక్ష తర్వాతి బ్యాచితో రాస్తాను. నాతో ఉన్న అమ్మాయి ముందే వెళ్లిపోతుంది. ఇక నా అన్నంలో ఉప్పు లెక్కపెట్టేవాళ్లుండరు, ఆ ఒక్కటీ లాభం. ఈ ఆరు వారాలు ఎవరూ వెయ్యకపోతే నేనే అడిగి వేయించుకునేదాన్ని అని గొప్పగా రాద్దామనుకున్నాను. అబద్ధం అవుతుంది. ఆ మాట విన్న రాత్రి క్యాలెండరు ముందేసుకుని రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాను. మర్నాటి నుంచి తేలికగా ఉంది. వార్డులోకి వెళ్తుంటే ఎవరి మొహం తప్పించుకోవాలో చూసుకోనక్కరలేదు.

శిక్షణ పుస్తకంలో సంతకం ఉండాల్సిన చోట మేడం రెండు వాక్యాలు రాసింది. “చెప్పడానికి రెండు రోజులు ఆలస్యం చేసింది. ఎవరూ అడగకుండా తానే వచ్చి చెప్పింది.” ఇక్కడ ఉన్నదున్నట్టు ఎక్కించాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు రెండూ చదువు. నా మీద జాలిపడి మొదటిది మింగెయ్యకు.

ఇట్లు,
ఇంకో ఆరు వారాలు ఇక్కడే ఉండే
నీ రెండో కూతురు