జాడీలో చేపమ్మ మొగుడు

అక్కా,

ఈ కార్డు చదువుతుండగా పొయ్యి మీద పాలు పొంగిపోతే, అందుకు యావత్ సముద్రగర్భం తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. నేను క్షేమమే.

మా మ్యూజియంలో జాడీలో దాచిన అపురూపమైన ఆడచేప ఒకటుంది. సముద్రపు అడుగున, చీకట్లో, నెత్తిమీద దీపం పెట్టుకుని తిరిగే జాతి. బఠాణీ గింజంత మొగుడు ఆవిడ పొట్ట కరుచుకుని, ఆ ఒంట్లోనే కలిసిపోయి, జన్మంతా వేలాడతాడు. బావ నయం, సోఫాకే అతుక్కుంటాడు.

పొద్దున జాడీలో, చేప కుళ్లకుండా పోసే స్పిరిట్ మార్చాక మా పై అధికారి మేడం భూతద్దం పెట్టి చూసి, "ఈవిడ మొగుడేడి?" అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. రేపు ఆ జంటను చూడ్డానికే పెద్ద పండితుడొకాయన వస్తున్నాడు. జాడీలు కడిగే తాతను, "పాత స్పిరిట్‌తో పాటు పారబోశావు కదూ?" అని నిలదీశారు.

"లేదమ్మా, బక్కెట్ అలాగే ఉంది. వడగట్టి చూసుకోండి," అన్నాడు తాత.

వడగట్టాం. దొరకలేదు. సాయంత్రంలోగా దొరక్కపోతే తాతను రేపట్నుంచి రావద్దన్నారు.

అన్నట్టు, నాన్న కళ్లజోడు బాగైందా? నా పైగది అద్దెకిచ్చేశారా? ఇవ్వకపోతే కొన్నాళ్లు ఆగండి, అవసరం పడేలా ఉంది. పిల్లలకు ముద్దులు, బావకు సోఫాతో సహా నమస్కారాలు.

ఇంకా కాస్త చోటు మిగిలింది. ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసి నేరుగా మేడం గదికి వెళ్తున్నాను. ఇక్కడ ఏదీ పారెయ్యకూడదని రూలు కదా, నా జేబులో చిన్న సీసా ఉంది. సీసాలో మొగుడున్నాడు. పైన 'పులిపిరి' అని నా చేతిరాతే ఉంది. పండితుడి ముందు చేపమ్మ అందంగా కనబడాలని పట్టకారుతో ఊడబెరికింది నేనే.

నీ తమ్ముడు