వాల్యూం రెండు దాటదు

సోమవారం, ఉదయం 7.10

తీర్మానం. పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాను. ఇవాళ్టి నుంచి పది రోజులపాటు నా గిటార్ ఆంప్ వాల్యూం రెండు దాటదు. ప్రాణం పోయినా దాటదు!

కారణం కూడా రాసి పెట్టుకోవడం మంచిది. మా ఆవిడ పళ్ళ డాక్టరు. క్లినిక్ కింద, నా గిటార్ సరిగ్గా దాని నెత్తిన. ఆంప్ అంటే గిటార్ చప్పుడు పెంచే పెట్టె; నాది పాతకాలపు గాజు వాల్వులది. కాస్త రెచ్చగొడితే చాలు, గొంతు చించుకుంటుంది. మొన్న అది ఒక్క కూత కూసేసరికి, కింద నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు మెడలో గుడ్డతో సహా వీధిలోకి పరుగెత్తాడు. గుడ్డ ఇంకా తిరిగి రాలేదు.

మా ఆవిడ తీర్పు: "పది రోజులు చూస్తానండీ. మూడు కూతల దాకా ఓర్చుకుంటాను. మూడోది వినపడిన రోజు ఆ పెట్టె ఇంట్లో ఉండదు."

మూడెందుకు? ఒక్కటి కూడా రాదు. పగలంతా లైబ్రరీలో కూర్చుని జనాన్ని "ష్" అనడమే నా ఉద్యోగం. నన్ను నేను "ష్" అనుకోలేనా?

సాయంత్రం 6.15

వాల్యూం రెండు. ఘనవిజయం! దోమ పాడినట్టుంది. అయినా క్రమశిక్షణ గల దోమ.

అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ మా దగ్గరే ఉంటారు. చెవికి మిషను పెట్టించి నెల అయింది. "మొదలుపెట్టండి బాబూ" అన్నారు ఆప్యాయంగా. అప్పటికి రెండు పాటలు అయిపోయాయి.

మంగళవారం, 6.20

తీర్మానం మళ్ళీ చదివాను. అందులో వాల్యూం సంగతే ఉంది. గెయిన్ గురించి ఒక్క ముక్క లేదు!

వాల్యూం అంటే మోత. గెయిన్ అంటే స్వరాన్ని గరగరలాడించే పొగరు. మోత తగ్గిస్తానన్నాను గానీ పొగరు తగ్గిస్తానని ఎవరికీ మాటివ్వలేదు. గెయిన్ తొమ్మిదికి తిప్పాను. ఆహా! దోమకి కండలొచ్చాయి.

6.32

మొదటి కూత. తప్పు నాదే. గిటార్‌ని ఆంప్‌కి ఎదురుగా నిలబెట్టి మంచినీళ్ళకి వెళ్ళాను. గిటార్ చప్పుడు ఆంప్‌లోంచి బయటికొచ్చి, మళ్ళీ గిటార్‌లో దూరి, మళ్ళీ ఆంప్‌లోకి వెళ్ళి, అలా పెరుగుతూనే ఉంది. ఒకే తగువుని తిప్పి తిప్పి పెంచుకునే చుట్టాల్లాగా.

కింద నుంచి పైకప్పుకి చీపురుకర్రతో ఒక్క పోటు. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ల బోర్డు మీద ఒక గీత పడిందని తరువాత తెలిసింది.

బుధవారం, 6.05

నియమాలు:
1. ఎప్పుడూ ఆంప్‌కి వీపు చూపించి నిలబడాలి.
2. వాయించనప్పుడు తీగల మీద అరచెయ్యి పెట్టాలి.
3. గదిలో మెత్తటి వస్తువులు పెంచాలి.

మూడో నియమం ప్రకారం అటక మీది పరుపు దించి గోడకి నిలబెట్టాను. దానికి ఆనించి అత్తగారి కుర్చీ వేశాను. "ఎంత మెత్తగా ఉంది బాబూ!" అని తల వెనక్కి వాల్చుకున్నారు. పరుపూ, అత్తగారూ కలిసి చప్పుడుని బాగానే పీలుస్తారని నా అంచనా.

6.40

సన్నగా "కుయ్‌య్‌"మని కూత! వాల్యూం ఒకటికి తగ్గించాను. ఆగలేదు. సున్నా. ఆగలేదు! "ఏమైంది బాబూ?" అంటూ అత్తగారు ముందుకి వంగారు. అప్పుడు ఆగింది. కిందికి వినపడలేదు కాబట్టి బతికిపోయాను.

గురువారం, 6.25

మళ్ళీ అదే కూత. గెయిన్ సున్నా చేశాను. వైరు పీకాను. చివరికి ప్లగ్ కూడా పీకేశాను. కూస్తూనే ఉంది! కరెంటు లేకుండా కూసే ఆంప్!

మా లైబ్రరీలో ధ్వనిశాస్త్రం మీద పదకొండు పుస్తకాలున్నాయి. పొద్దుటి నుంచి అన్నీ తిరగేశాను. ఇలాంటి జబ్బు ఒక్కదాంట్లోనూ లేదు.

ఆంప్‌కి దుప్పటి కప్పి, దాని ముందు కూర్చుని "ష్" అన్నాను. పనిచేయలేదు.

శుక్రవారం, 6.30

దొరికింది! అత్తగారు వంటింట్లోకి వెళ్ళారు, కూత ఆగింది. వచ్చి పరుపుకి తల ఆనించారు, కూత మొదలైంది. ఆంప్ నిర్దోషి. కూసేది అత్తగారి చెవి మిషను!

"నా మిషనా?" అన్నారావిడ తెల్లబోయి. "దేనికైనా ఆనితే కూస్తుందని ఆ చెవి డాక్టరు చెప్పాడు. నాకు ఆ కూత వినపడదు కదా బాబూ. ఎప్పట్నుంచి కూస్తోంది?"

"మూడు రోజుల్నుంచండీ."

ఆవిడ మిషను తీసి డబ్బాలో పెట్టేశారు. "నా మూలంగా మీ పెట్టె పోతే ఎలా? నాకిది లేకపోయినా పర్వాలేదు."

పరుపు తీసేస్తే సరిపోయేది. ఆ క్షణంలో తట్టలేదు. ఇంత చదువు చదివి!

శనివారం, 6.10

వాల్యూం రెండు. అత్తగారు మిషను లేకుండా కూర్చుని నా వేళ్ళు చూస్తూ తల ఊపుతున్నారు. నేను ఆపేశాను. ఆవిడ ఇంకా ఊపుతూనే ఉన్నారు.

నాకు చాలా కష్టంగా అనిపించింది.

6.18

మూడు. రెండుకి పక్కదేగా.

6.25

నాలుగు. ఇది నా కోసం కాదు. పెద్దావిడ కోసం.

6.31

రెండో కూత. చీపురుకర్ర. గీత.

ఆదివారం

ఇంటిల్లిపాదీ మా చెల్లెలింటికి వెళ్ళాం. ఆంప్ ముట్టుకోలేదు. తీర్మానం నూటికి నూరుపాళ్ళు అమలైంది! నాకు పట్టుదల లేదని ఎవరన్నారు?

సోమవారం, 6.45

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒకటో నియమం ప్రకారం ఆంప్‌కి వీపు చూపించి నిలబడ్డాను. బుద్ధిగా రెండు మీదే వాయిస్తున్నాను. ఉన్నట్టుండి వెనక నుంచి ప్రళయం! కిటికీ అద్దాలు గలగల, వంటింట్లో గిన్నెలు గలగల. తిరిగి చూస్తే వాల్యూం ఏడు మీద ఉంది. దాని మీద అత్తగారి చెయ్యి.

మెట్ల మీద అడుగులు. మా ఆవిడ చేతులకి తొడుగులతో వచ్చి నిలబడింది. "మూడు" అంది అంతే.

"నేనే తిప్పానే" అన్నారు అత్తగారు. "రెండేళ్ళుగా మీరంతా నా ముందు పెదాలు ఆడిస్తున్నారు, నేను తల ఊపుతున్నాను. మిషను పెట్టుకున్నా సగమే వినపడేది. ఇవాళ ఏడు దగ్గర ఒకటి వినపడింది. కూతే అనుకో. కానీ నాకు వినపడింది!"

ఆవిడ ఏడ్చారు. మా ఆవిడ తొడుగులతోనే కళ్ళు తుడుచుకుంది. నేను తీగల మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. నాకూ ఏడుపొచ్చింది గానీ, ఆ చెయ్యి తీస్తే నాలుగో కూత.

7.05

కొత్త తీర్పు. ఆంప్ ఉంటుంది. మా ఆవిడ వాల్యూం తిప్పే నాబ్‌ని రెండు దగ్గరికి తిప్పి, రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఊడొచ్చింది. చెయ్యి తిరిగిన డాక్టరు. నాబ్ తెల్లకోటు జేబులోకి వెళ్ళింది. ఆంప్ మొహాన సన్నటి ఇనప కడ్డీ మిగిలింది.

రేపు పొద్దున్నే వాళ్ళమ్మని చెవి డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తుందట.

మంగళవారం, సాయంత్రం 6.00

తీర్మానం! ఇవాళ్టి నుంచి పది రోజులపాటు వాల్యూం రెండు దాటదు. ఈసారి గెయిన్ కూడా నాలుగు దాటదు. పరుపు అటకెక్కించాను. అత్తగారి మిషను చెవికి సరిగ్గా అమరింది. కూయడం లేదు.

6.12

"వినపడుతోందా అత్తయ్యగారూ?"

"శుభ్రంగా వినపడుతోంది బాబూ. బాగుంది కాబట్టే ఇంకాస్త కావాలంటున్నాను."

"నాబ్ లేదు కదండీ!"

ఆవిడ చేతిసంచిలోంచి పన్ను పీకే పట్టకారు తీశారు. కడ్డీని పట్టుకుని మెల్లగా తిప్పారు. మా ఆవిడకి ఆ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"ఇది రెండేనా బాబూ?"

గుర్తు గీత నాబ్ మీద ఉండేది. నాబ్ కోటు జేబులో ఉంది. ఇక రెండెక్కడో, ఆరెక్కడో ఎవరు చెప్పగలరు?

"రెండేనండీ" అన్నాను.

6.24

కింద నుంచి మా ఆవిడ కేక: "ఏవండీ! నా పట్టకారు కనపడటం లేదు. మీరేమైనా చూశారా?"

చూడలేదన్నాను. అబద్ధం కాదు. ఆ కేక వినపడేసరికి, ఒకటో నియమం ప్రకారం, నేను ఆంప్‌కి వీపు చూపించే నిలబడి ఉన్నాను.