నీ లీడరు ప్రధానమంత్రి అయినాడు

ఒరే అప్పన్నా,

నువ్వు పోయి ఇయ్యాలకి ఏడాది. నీ లీడరు ప్రధానమంత్రి అయినాడ్రా, అప్పుడే దిగిపోనాడు కూడాను. ఈపాలి అబద్దం కాదు.

ఒకప్పుడు నువ్వు ఓడ పనికెల్లిన దేశంలో, రేవు కూలీల మీటింగులో నీతో సెయ్యి కలిపినోడే. తరవాత ఎంపీ అయినాడు, మంత్రి అయినాడు, ఓడిపోనాడు, మల్లీ గెలిసినాడు. ఇక్కడ మన పేట బోటాటౌంగ్ టీకొట్లో ఆడి కబుర్లతో మా సెవులు తినీసీవోడివి. ఓపాలి నాను "మీవోడు ప్రధానమంత్రి అయిపోనాడ్రా" అని కోతలు కోసీసినాను. నువ్వు నమ్మీసి కొట్టంతటికీ టీ పోయించినావు. అబద్దమని తెలిసినాక వారం రోజులు నాతో మాటాడనేదు.

అందుకే నిజంగా అయినప్పుడు సెప్తే వదిన నమ్మనేదు. "నీ ఏసాలు సాలు మరిదీ. ఆయన నేకపోయినా మాననేవా?" అంది. ఫోన్లో బొమ్మ సూపించినాక నమ్మింది. మర్నాటి నుంచి పొద్దున్నే నీ పటం ముందు రెండు టీలు పెడతంది. నీకొకటి, ఆడికొకటి.

నెలన్నరకే సొంత పార్టీవోల్లు ఆణ్ణి దింపీసినారు. ఆ మాట వదినకి సెప్పనేదు. నిన్న "మనోడెలాగున్నాడు?" అనడిగింది. "బాగానే ఏలతన్నాడు" అనీసినాను. నీకు మాత్రం నిజం సెప్తన్నాను.

టీకొట్టుకి ఎల్లడం మానీసినానురా. పొద్దున్నే మీ ఇంటికే పోయి ఆడి టీ నాను తాగి వస్తన్నాను. సల్లారిపోయుంటాది గాని, నీ ఎదురుగా కూకోడానికి నాకు అదొక్కటే సాకు.