వాగు కబురు పూనాకు పోయింది

సోమవారం, గద్వాల. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

వాగు పొంగుతోందని మున్సిపాలిటీ వాళ్లు నిన్న ఫోన్లకు కబురు పంపారట. మా గల్లీవాళ్లం రాయించిన నంబర్లన్నీ పూనాకు కూలికి పోయిన మా కొడుకులవి. ఇక్కడ ముసలివాళ్లం నీళ్లు గడప తాకాకే లేచాం.

పొద్దున ఆఫీసుకు పోయి నిలదీశాను.

"మెసేజ్ పెట్టినం గదా, అవ్వా," అన్నాడు అక్కడి సారు.

"పూనాల ఉన్నోళ్లు మునుగుతరా, బిడ్డా? మైకు ఆటోను మా గల్లీకి తోలు."

ఈసారి తప్పక పంపిస్తానన్నాడు. పంపిస్తాడు, లేకపోతే నేను వదలను.

కానీ పక్కింటి సాయమ్మకు చెవులు వినపడవు. మైకు మోగినా లేవదు. అందుకే రాత్రిపూట గొళ్లెం పెట్టుకోవద్దని ఆమె చెవిలో అరిచి చెప్పాను.

"దొంగలొస్తే?" అంది.

"వాళ్లకన్నా ముందు నేనొస్త," అన్నాను.